ముక్కుదొర

తొట్లకొండ ఘాట్ రోడ్డులో
మూడో మలుపు దగ్గర కారు ఆపించింది
మా చిన్నమ్మ ఎర్రయ్యమ్మ.
"ఇక్కణ్ణుంచి నడుస్తాను. అప్పుడూ నడిసే ఎక్కేను."

అప్పుడంటే తవ్వకాలప్పుడు.
మంగమారిపేట నుంచి చీకటితో బయల్దేరి
తట్టలో గంజికేను పెట్టుకుని
వరసగా ఆడవాళ్ళు.
కూలి ఎంతో ఆమెకి గుర్తు లేదు.
చిల్లర ఎగ్గొట్టే మేస్త్రీ పేరు మాత్రం
తిట్టుతో సహా గుర్తుంది.

పైన, కోసిన గడ్డి మధ్య
మోకాలెత్తు ఇటుక గోడలు,
కప్పు లేని గదులు, తలుపుల్లేని గడపలు.
లోపలెవరో నిద్రపోతున్నట్టు
గడప తొక్కకుండా దాటింది ఆమె.
నేను తొక్కేశాను.
సిగ్గేసి, వెనక్కొచ్చి, మళ్ళీ దాటాను.

బోర్డులు నేను చదువుతున్నాను.
"మహాస్తూపం."
"అదా, గురువులుకి తేలు కుట్టిన సోటు."
"భోజనశాల."
"మేమూ అక్కడే తినీవోళ్ళం."
"భిక్షువుల గదులు."
ఒక గదిలో కూచుని జానలతో నేల కొలిచింది.
"కాళ్ళు సాపుకోవొచ్చు. మనింటికన్నా నయం."

రాతిలో తొలిచిన తొట్టెల్లో వాననీళ్ళు,
తోకకప్పలు, ఒక చిప్సు కవరు.
కింద సముద్రం. దూరంగా లంగరేసిన ఓడలు ఏడు.
లెక్కపెట్టడం నా జబ్బు.
పద్దెనిమిదేళ్ళుగా పోర్టులో కంటెయినర్ల నంబర్లు రాస్తున్నాను.
ఎక్కణ్ణుంచొచ్చింది, ఏం తెచ్చింది, ఎప్పుడు పోతుంది,
అన్నిటికీ గడులుంటాయి నా కాగితంలో.
దించిన చేతులకి గడి లేదు.

"ఇక్కడే," అంది హఠాత్తుగా,
ఏమీ లేని చోట నిలబడి.
జల్లెడలో పెంకులు, బొగ్గు ముక్కలు,
వాటి మధ్య తెల్లగా ఒకటి.
"పండుగప్ప పొలుసనుకున్నాను. తిప్పితే మొహం.
ఇంత ముక్కు! మెడ మీద నరం కూడా అవుపించీది.
మనూరోడు కాడని తెలిసిపోనాది."
ఆడవాళ్ళంతా ముక్కుదొర అని పేరు పెట్టారట.
రోము నుంచి వచ్చాడని ఆఫీసరు చెప్పాడట.
అదెక్కడ బాబూ అంటే
సముద్రానికి అటేపు అన్నాడట.

అప్పట్నుంచీ వల బాగుచేస్తూ, చేపలు ఎండేస్తూ
ఎప్పుడైనా తలెత్తి తూర్పుకి చూసేదట,
ఆ ముక్కున్న మనుషులు అక్కడెక్కడో ఉంటారని.
రోము మా వీపుల వెనక,
కొండలు దాటి, పడమట ఉందని
నేను చెప్పలేదు.

"ఎవరికీ సెప్పకు," అంది.
"కొరికేను."
"ఏంటి?"
"దొరని. ఎండో కాదో సూద్దారని."
ఏ మఠం మూలో, ఎవరి మూటలోంచో జారి
అన్ని వందల ఏళ్ళు మట్టిలో పడుకున్న రాజుకి
మొదట తగిలిన మనిషి
మా చిన్నమ్మ పన్ను.
"రుసేటో తెల్సా? ఉప్పగుంటాదనుకున్నాను,
నీళ్ళ మీద వొచ్చినోడు కదా.
మట్టి. ఉత్త మట్టి."

ఆ పన్ను పోయిన వేసవిలో ఊడింది.
పెదవి లాగి ఖాళీ చూపించింది.
గాటు ఏ అద్దం కిందో, దొర మెడ మీద, ఉండే ఉంటుంది.
లేకపోతే ఎవరో శ్రద్ధగా తోమి తుడిచేసి ఉంటారు.
పక్కన చీటీలో వెండి అనీ, బరువింతనీ,
అంచు కాస్త నొక్కుపడిందనీ.

పొద్దు వాలింది. వాచ్‌మన్ ఈల వేశాడు.
ఫొటోలు దిగుతున్న జంట దిగి వచ్చింది, గోడ మీంచి.
గేటు దగ్గర ఆగింది చిన్నమ్మ.
చెంగు విప్పి, రెండు చేతులా పట్టుకుని
గట్టిగా దులిపింది. కుచ్చిళ్ళు దులిపింది.
అరచేతులు తెరిచి వాచ్‌మన్‌కి చూపించింది.
అతనికి అర్థం కాక నావైపు చూశాడు.

రోజూ సాయంత్రం అలా దులిపితేగానీ
కొండ దిగనిచ్చేవాడు కాదట మేస్త్రీ.

రాలినవి రెండు గడ్డిగింజలు,
చిటికెడు ఎర్రమట్టి.
"పద," అంది.